తొడ వెనుక బిగువు

మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలి బొటనవేళ్లను అందుకోగలిగితే ఒళ్లు చక్కగా సాగుతోందని, అందుకోలేకపోతే బిగుసుకుపోయిందని తేల్చేయడం బడిలోని వ్యాయామ తరగతి నుంచి యోగా శిబిరం దాకా అలవాటుగా వస్తోంది. అయితే ఆ ఒక్క భంగిమలో చేతుల పొడవు, కాళ్ల పొడవు, నడుము వంపు, పిక్కల బిగువు అన్నీ కలిసిపోయి ఉంటాయి కాబట్టి, అసలు పరీక్షించదలచిన తొడ వెనుక కండరాల గురించి అది చెప్పేది కొద్దిపాటి సంగతే. 1952లో వెల్స్, డిలన్ అనే అమెరికన్ పరిశోధకులు ఇదే వంపును నేల మీద కాళ్లు చాచి కూర్చున్న స్థితిలో కొలిచే ‘సిట్ అండ్ రీచ్’ పరీక్షను ప్రతిపాదించారు. పాదాలను ఒక పెట్టెకు ఆనించి, పైనున్న స్కేలు మీద వేళ్లు ఎంత దూరం జరిగాయో చూసే ఈ పద్ధతి ఇప్పుడు ఫిట్ ఇండియా కార్యక్రమం కింద మన బడి పిల్లలకు జరిపే పరీక్షల్లోనూ ఉంది. ఎక్కువ మంది పిల్లలను తక్కువ సమయంలో పరీక్షించడానికి అది పనికివస్తుందనడంలో సందేహం లేదు గానీ, పొడుగు కాళ్లు, పొట్టి చేతులు ఉన్న పిల్లవాడికి మాత్రం అన్యాయమే చేస్తుంది.

క్రీడా వార్తల్లో ‘హామ్‌స్ట్రింగ్’ అన్న పేరుతో తరచూ కనిపించేది నిజానికి మూడు కండరాల గుంపు. తొడ వెనుక బయటి వైపున బైసెప్స్ ఫెమోరిస్, లోపలి వైపున సెమీటెండినోసస్, దాని అడుగున సెమీమెంబ్రనోసస్ ఉంటాయి. కూర్చున్నప్పుడు పీటకు ఆనే పిరుదుల కింది ఎముక దిమ్మెల దగ్గర ఇవి మొదలై, తొడ పొడవునా దిగి, మోకాలిని దాటి కింది కాలి ఎముకలకు అతుక్కుంటాయి. కుర్చీలో కూర్చుని మడమను నేలకు నొక్కి వెనక్కి లాగుతూ మోకాలి వెనుక గుంటకు రెండు పక్కలా తడిమితే, చర్మం కింద తాళ్లలా బిగుసుకుని వేళ్లకు తగిలేవి వీటి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి నార పోగులు. బైసెప్స్ ఫెమోరిస్‌కున్న ఒక పొట్టి శాఖ మాత్రం తొడ ఎముక మీదనే మొదలవుతుంది. మిగిలిన గుంపంతా తుంటి కీలును, మోకాలి కీలును రెండింటినీ దాటుతుంది. సాగదీత పద్ధతులన్నింటికీ ఈ నిర్మాణ విశేషమే ఆధారం. తుంటి వంగి, మోకాలు తిన్నగా ఉన్నప్పుడే ఈ కండరాలు రెండు కొసల వైపూ సాగుతాయి. మోకాలు మడిస్తే కింది కొస, తుంటి నిటారుగా ఉంటే పై కొస వదులైపోతాయి.

వంపు ఎక్కడ పుట్టాలి

నిలబడి ముందుకు వంగేటప్పుడు మొదట కదలాల్సింది కటివలయం, అంటే నడుముకూ తొడలకూ మధ్యనున్న ఎముకల కట్టు. అది తొడ ఎముకల తలల మీద ముందుకు ఒరిగే కొద్దీ పిరుదుల కింది ఎముక దిమ్మెలు వెనక్కి, పైకి లేస్తాయి, వాటిని పట్టుకుని ఉన్న తొడ వెనుక కండరాలు సాగుతాయి. అవి మొరాయిస్తే కటివలయం మధ్యలోనే ఆగిపోయి, మిగిలిన వంపునంతా నడుము వెన్నుపూసలే ఇవ్వాల్సి రావడంతో, వీపు గూనిలా మారి వెన్నుపూసల మధ్య డిస్కుల మీద భారం పెరుగుతుంది. తొడ వెనుక బిగువు ఉన్నవారు నేల మీది బిందెను ఎత్తినా, బూటు లేసు కట్టుకున్నా ముందుగా నడుము పట్టుకోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

వరినాట్ల వేళ గోదావరి డెల్టాలోనో, నల్లగొండ ఆయకట్టులోనో మడిలో దిగిన కూలీలను పక్క నుంచి గమనిస్తే తుంటి దగ్గరి వంపు తన అసలు రూపంలో కనిపిస్తుంది: పాదాలు బురదలో ఎడంగా, మోకాళ్లు దాదాపు తిన్నగా, వీపు నేలకు ఇంచుమించు సమాంతరంగా, ఒక చేతిలో నారు కట్ట, రెండో చేయి క్షణానికో మొక్కను గుచ్చుతూ, అడుగడుగూ వెనక్కి జరుగుతున్నా ఆ మడత మాత్రం చెదరదు. రోజంతా అదే వంపులో ఉండాల్సిన ఆ పని నడుము నొప్పిని కూడా వెంట తెస్తుంది కాబట్టి దాన్ని వ్యాయామమని పొగడటం సబబు కాదు. పొట్టకూటి కోసం పొద్దుగూకేదాకా వంగడం వేరు, తీరిక చూసుకుని పావుగంట ఒళ్లు సాగదీయడం వేరు. అయినా తుంటి దగ్గర వంగడానికీ నడుము దగ్గర వంగడానికీ ఉన్న తేడా తెలియాలంటే అంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

కుర్చీలో కూర్చుని కూర్చుని ఈ కండరాలు కురచబారిపోతాయన్న ప్రచారం బాగా ఉంది, అందులో ఉన్నది సగం నిజమే. కూర్చున్నప్పుడు మోకాలి మడత వల్ల కింది కొస వదులైనా తుంటి మడత వల్ల పై కొస సాగే ఉంటుంది కాబట్టి, మొత్తం మీద కండరం మధ్యస్థమైన పొడవులోనే ఉంటుంది. 1970ల్లో జరిగిన ప్రయోగాల్లో జంతువుల కాళ్లకు కట్టు కట్టి కండరాన్ని కురచ స్థితిలో కదలకుండా ఉంచితే, కండర పోగుల్లో వరుసగా పేర్చి ఉండే సార్కోమియర్లు, అంటే ముడుచుకునే అతి చిన్న భాగాలు, తగ్గిపోయాయని తేలింది. ఆఫీసు కుర్చీ అంతటి బంధనం కాదు. అసలు లోటు ఏమిటంటే, రోజు మొత్తంలో ఒక్కసారి కూడా ఆ కండరం తన పూర్తి పొడవుకు వెళ్లే సందర్భం రాకపోవడం. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం, కాళ్లు చాచుకుని కూర్చుని విస్తళ్లు కుట్టడం లాంటి పనుల్లో ఆ సందర్భం దానంతటదే వచ్చేది. పొడుగు కర్ర తుడుపు, డైనింగ్ టేబులు వచ్చాక అది పోయింది, ఆ స్థానంలో సాగదీత అనే ప్రత్యేక కార్యక్రమం పెట్టుకోవాల్సి వచ్చింది.

పెరిగేది పొడవా, ఓర్పా

కొన్ని వారాలు క్రమం తప్పకుండా సాగదీస్తే కాలు మునుపటి కంటే ఎత్తుకు లేస్తుందన్నది పదే పదే రుజువైన విషయం. అలా లేవడానికి కారణం కండరం పొడవు పెరగడమేనా అన్న ప్రశ్నకు దొరికిన సమాధానం మాత్రం చాలామంది అనుకునే దానికి భిన్నంగా ఉంది. 1996లో డెన్మార్క్‌లో పీటర్ మాగ్నుసన్ బృందం మూడు వారాల పాటు ఒకే కాలిని సాగదీయించి, రెండో కాలిని పోలిక కోసం వదిలేసి, యంత్రంతో మోకాలిని మెల్లగా చాపుతూ ప్రతి కోణం దగ్గరా కండరం ఎంత ఎదురు లాగుతోందో కొలిచింది. సాధన చేసిన కాలు మరింత దూరం చాచుకోగలిగింది గానీ, పాత కోణం దగ్గర కండరం చూపే ప్రతిఘటనలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే కండరం మెత్తబడలేదు. లాగుడు ఎంతవరకు ఓర్చుకోవచ్చునో నిర్ణయించే నాడీ వ్యవస్థ తన హద్దును కాస్త వెనక్కి జరుపుకుంది. 2010లో వెప్లర్, మాగ్నుసన్ కలిసి రాసిన సమీక్ష కూడా కొన్ని వారాల సాగదీతతో వచ్చే లాభానికి ఈ ‘సాగుడు సహనమే’ మెరుగైన వివరణ అని వాదించింది.

ఈ సంగతి తెలిస్తే సాగదీత తీరే మారుతుంది. కండర పోగుల మధ్య ఉండే మజిల్ స్పిండిల్స్ అనే సూక్ష్మ గ్రాహకాలు కండరం ఎంత సాగుతోందో, ఎంత వేగంగా సాగుతోందో పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి, అక్కడి నుంచి ముడుచుకోమన్న ఆదేశం తిరిగి వస్తుంది. కుదుపు కుదుపుకీ ఊగుతూ బొటనవేళ్లను అందుకోవాలని చూసే పాత డ్రిల్లు పద్ధతి ఆ ఆదేశాన్ని కోరి తెచ్చుకున్నట్టే అవుతుంది. నెమ్మదిగా చాచి, నొప్పికి ఇవతల, లాగుడు స్పష్టంగా తెలిసే చోట ఆపి ఉంచితే పరిస్థితి వేరు: ఒకటిన్నర నిమిషం అలా నిలిపినప్పుడు కండరం ఎదురు లాగుడు సుమారు మూడో వంతు తగ్గుతుందని, అయితే గంట తిరిగేసరికి మళ్లీ మామూలు స్థితికి వస్తుందని అదే డెన్మార్క్ బృందం కొలతలు చూపాయి. పళ్లు బిగబట్టి, ముఖం ఎర్రబడేలా లాగడం వల్ల నాడీ వ్యవస్థకు కలిగేది భయమే తప్ప నమ్మకం కాదు.

ఎంతసేపు నిలపాలన్న ప్రశ్నకు అమెరికాలో విలియం బ్యాండీ, జీన్ ఇరియన్ 1994లో ఇచ్చిన సమాధానం ఇప్పటికీ ఆచరణకు అందుబాటులో ఉంది. 15, 30, 60 సెకన్ల చొప్పున వారానికి 5 రోజులు, 6 వారాల పాటు సాగదీయించి చూస్తే 15 సెకన్ల కంటే 30 సెకన్లు మేలని, 60 సెకన్లు నిలిపినా 30 సెకన్ల కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. 1997లో బ్యాండీ బృందం మరో అడుగు వేసి, రోజుకు మూడుసార్లు చేసినవారికీ ఒక్కసారి చేసినవారికీ ఫలితంలో తేడా లేదని చూపింది. వయసు మళ్లినవారు మాత్రం 30 నుంచి 60 సెకన్ల దాకా నిలపడం మంచిదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2011 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే రెండు కాళ్లకూ కలిపి రోజుకు రెండు మూడు నిమిషాలు చాలు. ఇంత తక్కువ సమయం అడిగే పని కూడా మధ్యలో ఆగిపోతుంటుంది, ఆగిపోతే వచ్చిన లాభం నెల తిరిగేలోపే చాలావరకు కరిగిపోతుంది.

చాప మీద, గుమ్మం దగ్గర

చల్లబడి ఉన్న ఒంటితో నేరుగా సాగదీతకు దిగకుండా ముందు ఐదు నిమిషాలు నడవాలి. ఆ తరువాత ఇంట్లో చేసుకోదగ్గ వాటిలో అన్నింటికంటే నమ్మదగినది పడుకుని చేసేది, ఎందుకంటే అందులో వెన్నును నేలే కాపాడుతుంది. చాప మీద వెల్లకిలా పడుకుని, ఒక కాలిని నేల మీద తిన్నగా చాచి, రెండో పాదానికి తువ్వాలు గానీ పాత చున్నీ గానీ తగిలించి, దాని కొసలు చేతుల్లో పట్టుకుని కాలిని మెల్లగా పైకి తేవాలి. బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో వెలువరించిన ‘లైట్ ఆన్ యోగా’లోని సుప్త పాదాంగుష్ఠాసనానికి ఇది పట్టీ సాయంతో చేసే రూపం. ఇక్కడ గమనించాల్సింది పైకి లేచిన కాలిని కాదు, కింద ఉన్నదాన్ని: ఆ తొడ నేల నుంచి లేస్తున్నా, లేచిన కాలి వైపు పిరుదు చాపను వదులుతున్నా, కటివలయం వెనక్కి ఒరిగి కోణాన్ని దొంగ లెక్కగా పెంచుతోందని అర్థం. అలాంటప్పుడు కాలిని కాస్త దించి, పిరుదును మళ్లీ చాపకు ఆనించి, అక్కడి నుంచి 30 సెకన్లు లెక్కపెట్టాలి. బిగువు ఎక్కువ ఉన్నవారు మోకాలిని కొద్దిగా మడిచి మొదలుపెట్టి, ఊపిరి వదిలే కొద్దీ దాన్ని చాచుకుంటూ పోవచ్చు. పాదం వేళ్లను ముఖం వైపు గుంజితే లాగుడు పిక్కకూ, కాలి నాడికీ మళ్లుతుంది కాబట్టి పాదాన్ని వదులుగానే ఉంచాలి. పెద్దవారిలో తిన్నటి కాలు నేలకు సుమారు 80 డిగ్రీల దాకా లేస్తే సాధారణంగా సరిపోయినట్టే. నిట్టనిలువుగా లేవాలన్న పట్టుదల నర్తకులకూ జిమ్నాస్టులకూ అవసరం గానీ బస్సెక్కి ఆఫీసుకు వెళ్లేవారికి కాదు.

చేతులు కూడా నొప్పి పుడతాయనుకునేవారికి ద్వారబంధం ఉంది. గుమ్మం పక్కనే పడుకుని, ఒక కాలిని గుమ్మం గుండా అవతలి గదిలోకి చాచి, రెండో కాలి మడమను ద్వారబంధపు నిలువు చెక్కకు ఆనించి ఉంచితే, పిరుదులు చెక్కకు ఎంత దగ్గరగా జరిగితే లాగుడు అంత పెరుగుతుంది. ఈ స్థితిలోనే పీఎన్‌ఎఫ్ అనే పద్ధతిని కూడా తేలికగా జోడించవచ్చు. ప్రొప్రియోసెప్టివ్ న్యూరోమస్క్యులర్ ఫెసిలిటేషన్ అన్న పొడుగు పేరున్న ఈ విధానాన్ని 1940ల్లో అమెరికన్ వైద్యుడు హెర్మన్ కాబట్, ఫిజియోథెరపిస్టు మార్గరెట్ నాట్ పక్షవాత రోగుల చికిత్స కోసం తీర్చిదిద్దగా, తరువాత అది క్రీడాకారుల్లోకి వచ్చింది. మడమను చెక్కకేసి 5, 6 సెకన్లు ఓ మోస్తరు బలంతో నొక్కి, వదిలేసి, ఆ వెంటనే చెక్కకు మరికాస్త దగ్గరగా జరిగితే, అంతకు ముందు అందని కోణం అందుతుంది. నొక్కినప్పుడు స్నాయువులోని గ్రాహకాలు కండరాన్ని సడలిస్తాయని చాలాకాలం వివరించేవారు. ఇక్కడ కూడా పెరిగేది ప్రధానంగా సహనమేనని ఇప్పుడు ఎక్కువ మంది భావిస్తున్నారు.

ఆఫీసులో కుర్చీ అంచున కూర్చుని, ఒక కాలు చాచి మడమ నేలకు ఆనించి, వీపు తిన్నగా ఉంచి బొడ్డును తొడ వైపు వంచితే చాలు. తలను మోకాలి వైపు వంచితే మాత్రం మళ్లీ నడుమే వంగుతుంది. హఠయోగ ప్రదీపికలో కనిపించే పశ్చిమోత్తానాసనం, అంటే కాళ్లు చాచి కూర్చుని ముందుకు వాలే భంగిమ, ఈ విషయంలో కొత్తవారికి చిక్కు తెస్తుంది. నుదురు మోకాళ్లకు తగలాలన్న తుది రూపాన్ని మొదటి రోజే అందుకోవాలని చూసేవారు వీపును గూనిగా మార్చి పని కానిచ్చేస్తారు. మడతపెట్టిన దుప్పటిని పిరుదుల కింద వేసుకుని, కటివలయం ముందుకు ఒరగడానికి వీలు కల్పించుకున్నాకే ఆ ఆసనం జోలికి పోవడం ఉత్తమం.

సాగదీయకూడని బిగువు

తొడ వెనుక లాగుడంతా కండరానిదే కానక్కర్లేదు. అదే దారిలో నడుము నుంచి పాదం దాకా దిగే సయాటిక్ నాడి, డిస్కు ఒత్తిడి వల్ల రేగినప్పుడు, తిన్నటి కాలిని ఎత్తగానే బిగుసుకుపోయినట్టే అనిపిస్తుంది. ఫ్రెంచి వైద్యుడు లసేగ్ పేరు మీద వైద్యులు ఈనాటికీ చేసే ‘కాలు ఎత్తి చూసే’ పరీక్ష ఇదే. ఆయన శిష్యుడు ఫోర్స్ట్ 1881లో దాన్ని గ్రంథస్థం చేయడానికి ఏడాది ముందే సెర్బియా వైద్యుడు లాజా లజారెవిచ్ వివరించాడు. తొడ మధ్యలో మొద్దుగా, వెడల్పుగా లాగితే అది చాలావరకు కండరం. మోకాలి కింద నుంచి పాదం దాకా తిమ్మిరిగా, కరెంటు పాకినట్టు ఉండి, పాదాన్ని పైకి వంచినా, తల వంచినా పెరిగితే అది నాడి. నాడిని పట్టి లాగితే సాగదు, రేగుతుంది; అలాంటి లక్షణాలున్నవారు సాగదీత ఆపి వైద్యుణ్ని కలవాలి.

పిరుదు కింది ఎముక దగ్గరే, కూర్చుంటే పోటు పెట్టే నొప్పి మరో రకం. అక్కడ స్నాయువు ఎముకకేసి నొక్కుకోవడం వల్ల పుట్టే ఈ బాధ, లోతుగా ముందుకు వాలే ఆసనాలు అతిగా చేసేవారిలోనూ, దూరం పరుగెత్తేవారిలోనూ కనిపిస్తుంది. నొప్పి ఉంది కదా అని ఇంకా సాగదీస్తే స్నాయువు ఇంకా నలుగుతుంది. పరుగులో ‘టప్’మని ఏదో తెగినట్టయిన తొలి రోజుల్లోనూ కండరాన్ని లాగకూడదు. ఎముకలు గుల్లబారిన వృద్ధులు నిలబడి గూనిగా వంగడం మాని, పడుకుని చేసే పద్ధతికే కట్టుబడి ఉండాలి.

బలంతో వచ్చే పొడవు

2017 ఆగస్టులో లండన్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో తన ఆఖరి రిలే పరుగులో ఉసేన్ బోల్ట్ ఎడమ తొడ వెనుక పట్టుకుని ట్రాక్ మీద కూలిపోయాడు. శిక్షణ, సాగదీత రెండూ పుష్కలంగా ఉన్న అథ్లెట్లకు కూడా అలా జరగడానికి మూలం పరుగు స్వభావంలోనే ఉంది: ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే ముందు క్షణంలో తుంటి వంగి, మోకాలు చాచుకుని, కండరం తన పొడవు అంచుకు చేరుతుంది, సరిగ్గా అప్పుడే ఆ కాలిని ఆపడానికి గట్టిగా బిగుసుకోవాల్సి వస్తుంది. కబడ్డీలో బోనస్ గీత దాటి కాలు విసిరే రైడర్‌కూ ఇదే పరిస్థితి. యూరప్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మొత్తం గాయాల్లో హామ్‌స్ట్రింగ్ గాయాల వాటా 2001-02లో 12 శాతం ఉండగా 2021-22 నాటికి 24 శాతానికి పెరిగింది.

సాగడం మాత్రమే కాదు, సాగుతూ బలం చూపడం నేర్పే వ్యాయామాలను ఎక్సెంట్రిక్ వ్యాయామాలు అంటారు, అంటే కండరం బిగుసుకుంటూనే పొడవు పెరిగేలా చేసేవి. 2004లో నెల్సన్, బ్యాండీ జరిపిన పోలికలో ఈ రకం వ్యాయామం చేసినవారికీ, మామూలు సాగదీత చేసినవారికీ 6 వారాల్లో దాదాపు సమానంగా, సుమారు 12 డిగ్రీల చొప్పున వంపు పెరిగింది; పైగా మొదటి పద్ధతిలో కండర పోగుల కట్టలు నిజంగానే పొడవవుతాయని అల్ట్రాసౌండ్ పరిశీలనలు చెబుతున్నాయి. 2011లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో 942 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లలో సగం జట్లు, మోకరిల్లి నెమ్మదిగా ముందుకు ఒరిగే ‘నార్డిక్’ వ్యాయామం చేయగా, చేసినవారిలో 15, చేయనివారిలో 52 హామ్‌స్ట్రింగ్ గాయాలు నమోదయ్యాయి. ఆటగాళ్లూ, పరుగెత్తేవారూ మెత్తటి సాగదీతతో సరిపెట్టుకోవడం ఈ అంకెల ముందు నిలవదు.

ఆటకు ముందు ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే ఆ కాసేపు బలం కొంత తగ్గుతుందని 2012లో కే, బ్లేజెవిచ్ సమీక్ష చూపింది కాబట్టి, ఆ వేళ కాలిని గోడ ఆసరాతో ముందుకు వెనక్కి ఊపడం, పొడుగు అడుగులు వేయడం లాంటివే తగినవి; నిలిపి ఉంచే సాగదీతను ఆట ముగిశాకో, రాత్రి పడుకోబోయే ముందో పెట్టుకోవచ్చు. నార్డిక్‌ను విడిగా వేరే పూట చేయాలి. మోకాళ్ల కింద దిండు వేసుకుని నిలువుగా మోకరిల్లి, మడమలను వెనుక నుంచి ఒకరు గట్టిగా అదిమి పట్టుకోగా, తల నుంచి మోకాళ్ల దాకా ఒళ్లు ఒక్క గీతలా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరుగుతూ, ఇక ఆగలేమన్న చోట చేతులు నేలకు ఆనించాలి. డెన్మార్క్ ప్రణాళికలో మొదటి వారం ఒక్క రోజే, 5 చొప్పున రెండు విడతలు. రెండో వారం రెండు రోజులు, 6 చొప్పున రెండు విడతలు. మూడో వారం నుంచి మూడు రోజులు, మూడు విడతలు. ఐదో వారం నుంచి పదో వారం దాకా విడతకు 12, 10, 8 చొప్పున. మొదట్లో తొడ వెనుక రెండు మూడు రోజుల పాటు సలుపు ఉండటం మామూలే, ఆ సలుపు ఉన్న రోజుల్లో పోటీ ఆటలు, వేగపు పరుగులు పెట్టుకోకూడదు.